క్లస్టర్‌లో నెట్‌వర్క్ లేటెన్సీ: ఎలా కొలవాలి, ఏ వరుసలో తగ్గించాలి

"నెట్‌వర్క్ కార్డులన్నీ 10 జీ నుంచి 25 జీకి మార్చాం, స్విచ్ కూడా కొత్తదే, అయినా జాబ్‌కి ముందు ఎంతసేపు పట్టేదో ఇప్పుడూ అంతే పడుతోంది, ఎందుకు?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. (జీ అంటే సెకనుకి ఒక గిగాబిట్. క్లస్టర్ అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్, దాని మీద నడిపే పని జాబ్.) ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నా.

పెళ్లి భోజనాల్లో గంటకి ఎన్ని బంతులు లేచాయన్నది బ్యాండ్‌విడ్త్. మీరు పప్పు అడిగాక అది విస్తట్లో పడేదాకా పట్టే టైం లేటెన్సీ. హాలు పెద్దది చేస్తే మొదటిది బాగుపడుతుంది, రెండోది అలాగే ఉంటుంది. కార్డు మార్చడమంటే హాలు పెద్దది చెయ్యడమే.

ఇంకో మాట ముందే చెప్పాలి, కింద ఇచ్చిన వరుసంతా దీన్ని బట్టే ఉంటుంది. ఒకే గదిలో ఉన్న క్లస్టర్‌లో ఆలస్యం ఎక్కువ భాగం తీగలో ఉండదు, పెట్టెలోనే ఉంటుంది: నిద్రపోయిన సీపీయూ, ఆలస్యంగా తట్టే ఇంటరప్ట్ (ప్యాకెట్ వచ్చిందని కార్డు సీపీయూకి ఇచ్చే కబురు), దూరపు సాకెట్‌లో (సీపీయూ చిప్ కూర్చునే చోటు) ఉన్న మెమరీ. అందుకే స్విచ్ వాళ్లతో గొడవకి దిగేముందు సర్వర్ లోపల చూడాలి.

కమాండ్లని పక్క సీట్లో వాళ్లకి నోటితో చెప్పినట్టే రాస్తున్నా, "మైనస్ చిన్న ఐ", "మైనస్ పెద్ద సీ" అన్నట్టు. ఉదాహరణలన్నీ లైనక్స్‌వే.

1. ముందు ఈ అంకెలు గుర్తుంచుకోండి

ఇవి తెలియకపోతే వచ్చిన కొలత మంచిదో చెడ్డదో తెలియదు.

• ఫైబర్‌లో వెలుగుకి మీటరుకి సుమారు 5 నానోసెకన్లు. 20 మీటర్ల కేబుల్‌కి 100 నానోసెకన్లు, అంటే 0.1 మైక్రోసెకను.
• 1500 బైట్ల ప్యాకెట్‌ని తీగ మీదకి ఎక్కించడానికి 1 జీలో 12 మైక్రోసెకన్లు, 10 జీలో 1.2, 25 జీలో 0.48, 100 జీలో 0.12.
• ఇన్ఫినీబ్యాండ్ (ఈథర్‌నెట్‌కి బదులు వాడే వేగమైన నెట్‌వర్క్) స్విచ్ దాటడానికి సుమారు 100 నానోసెకన్లు. కట్-త్రూ పద్ధతిలో నడిచే ఈథర్‌నెట్ స్విచ్‌కి కొన్ని వందల నానోసెకన్లు. స్టోర్-అండ్-ఫార్వర్డ్ స్విచ్ అయితే ప్యాకెట్ మొత్తం లోపలికి వచ్చాకే బయటికి పంపుతుంది, కాబట్టి పైన చెప్పిన ఎక్కించే ఖర్చు ప్రతి స్విచ్ దగ్గరా మళ్లీ పడుతుంది.
• మామూలు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) టీసీపీ దారిలో, ఖాళీగా ఉన్న రెండు నోడ్ల మధ్య రానూపోనూ కొన్ని పదుల మైక్రోసెకన్లు.
• ఇన్ఫినీబ్యాండ్ మీద ఎంపీఐ (నోడ్లలోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) చిన్న మెసేజ్‌కి ఒకవైపు 1 నుంచి 2 మైక్రోసెకన్లు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు మీరే చెప్పగలరు. 64 బైట్ల ఫ్రేముని ఎక్కించడానికి 10 జీలో 51 నానోసెకన్లు, 25 జీలో 20. అంటే మిగిలింది 31 నానోసెకన్లు. అదే ప్యాకెట్ కెర్నెల్‌లో 20 మైక్రోసెకన్లు తిరుగుతుంటే ఈ 31 ఎవరికి కనపడతాయి?

2. కొలతకి ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ భాగం బోరుగా ఉంటుందని చాలామంది దాటేస్తారు, నేనూ దాటేసేవాణ్ణి. ఒకసారి రోజంతా కొలిచి, పట్టికలు గీసి, సాయంత్రానికి తెలిసిందేంటంటే నేను కొలిచింది 1 జీ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ని. హోస్ట్ పేరు ఆ అడ్రస్‌కే వెళ్తోంది. అప్పట్నుంచి ఈ లిస్టు పక్కన లేకుండా మొదలుపెట్టను.

☐ మూడు నోడ్లు ఎంచుకోండి: రెండు ఒకే స్విచ్ కింద, మూడోది వేరే స్విచ్ కింద.
☐ ఆ నోడ్లని స్లర్మ్‌లో (జాబ్‌లని నోడ్లకి పంచే ప్రోగ్రాము) డ్రెయిన్ చేసి (కొత్త జాబ్‌లు రాకుండా ఆపి), టాప్ కమాండ్‌తో నిజంగా ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి.
☐ "ఐపీ రూట్ గెట్" అని అవతలి నోడ్ అడ్రస్ ఇచ్చి, ఏ ఇంటర్‌ఫేస్ గుండా వెళ్తోందో కళ్లారా చూసుకోండి.
☐ కెర్నెల్ వెర్షన్, కార్డు డ్రైవర్, ఫర్మ్‌వేర్, బయాస్ సెట్టింగులు మూడింటిలోనూ ఒకటేనా?
☐ ఇప్పుడున్న సెట్టింగులు ఫైల్లో దాచండి: ఈథ్‌టూల్ (కార్డు సెట్టింగులు చూపే, మార్చే కమాండ్) మైనస్ చిన్న సీ, చిన్న జీ, చిన్న కే, పెద్ద ఎస్, ఇంకా కెర్నెల్ సెట్టింగులకి సిస్‌సీటీఎల్ మైనస్ చిన్న ఏ. వెనక్కి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఇవే దిక్కు.
☐ ఏ తేదీన ఏం మార్చారో, ముందు అంకె ఎంతో, తర్వాత ఎంతో రాసే ఒక ఫైలు తెరిచి పెట్టుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్పు.

గడియారాల సంగతి కూడా ఇక్కడే. ఒకవైపు లేటెన్సీ నేరుగా కొలవాలంటే రెండు నోడ్ల గడియారాలు మైక్రోసెకను లోపు కలవాలి. ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు కలిపే మామూలు పద్ధతి) అది అయ్యే పని కాదు, దాని తప్పు మీరు కొలవబోయే దానికంటే ఎక్కువ ఉంటుంది. కార్డులో హార్డ్‌వేర్ టైమ్‌స్టాంప్ ఉండి పీటీపీ (అదే పని ఇంకా కచ్చితంగా చేసేది) నడుపుతుంటే సరే, లేకపోతే రానూపోనూ కొలిచి సగం చెయ్యండి. అందరూ చేసేది అదే.

3. కొలత: కింది పొర నుంచి పైకి

ఒకేసారి అప్లికేషన్ దగ్గర కొలిస్తే ఏ పొరలో ఆలస్యం ఉందో తెలియదు. కింద నుంచి ఒక్కో పొర ఎక్కుతూ రండి, ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో అక్కడ ఆగండి.

3.1 పింగ్, కానీ రెండు రకాలుగా

మామూలు పింగ్ సెకనుకి ఒకటి పంపుతుంది. ఒక సెకను అంటే సీపీయూకి చాలా ఎక్కువ, ఈలోపు కోర్ గాఢనిద్రలోకి వెళ్లిపోతుంది, ప్యాకెట్ వచ్చాక లేవడానికి పట్టే టైం కూడా మీ అంకెలో కలుస్తుంది. కాబట్టి మొదట మామూలుగా 100 పింగ్‌లు కొట్టండి, తర్వాత రూట్‌గా మైనస్ చిన్న ఐ 0.001 ఇచ్చి ఇంకో 10,000 కొట్టండి. మొదటిది 150 మైక్రోసెకన్లు, రెండోది 30 వచ్చిందనుకోండి, నెట్‌వర్క్‌కి ఏ పాపం తెలియదు, సీపీయూ నిద్ర మానిపించాలి. ఈ ఒక్క పరీక్షకి అయిదు నిమిషాలు పట్టదు, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

స్విచ్ అడ్రస్‌ని పింగ్ చేసి "స్విచ్ స్లోగా ఉంది" అనకండి. ఆ పింగ్‌కి జవాబిచ్చేది స్విచ్‌లోని చిన్న సీపీయూ, తీరిక దొరికినప్పుడు. మామూలు ట్రాఫిక్ చిప్‌లోంచే దాటిపోతుంది, ఆ సీపీయూ దాకా రాదు.

3.2 సాకెట్ స్థాయి (ఇక్కడ సాకెట్ అంటే ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం, సీపీయూది కాదు)

పింగ్‌కి జవాబు కెర్నెల్‌లోనే ముగుస్తుంది, ఏ ప్రోగ్రామూ లేవదు. అసలు ప్రోగ్రాముకి అందే లేటెన్సీ కావాలంటే సాక్‌పెర్ఫ్ వాడండి. ఒక నోడ్‌లో సర్వర్, ఇంకో నోడ్‌లో పింగ్-పాంగ్ మోడ్, టీసీపీ ఆప్షన్, మెసేజ్ 64 బైట్లు, 60 సెకన్లు. రెండు వైపులా టాస్క్‌సెట్‌తో ప్రోగ్రాముని ఒక కోర్‌కి కట్టెయ్యండి, లేకపోతే కెర్నెల్ దాన్ని అటూ ఇటూ తిప్పి అంకెలు పాడు చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. సాక్‌పెర్ఫ్ మామూలుగా రానూపోనూ టైంలో సగం చూపిస్తుంది. నెట్‌పెర్ఫ్‌లో టీసీపీ-ఆర్‌ఆర్ పరీక్ష మామూలుగా సెకనుకి ఎన్ని లావాదేవీలో చెప్తుంది. 25,000 వచ్చాయంటే ఒక్కోటి రానూపోనూ 40 మైక్రోసెకన్లు. సాక్‌పెర్ఫ్ 20, నెట్‌పెర్ఫ్ 40 అంటే రెండూ ఒకే మాట చెప్తున్నాయి, కొత్త టూల్ గొప్పదేం కాదు.

ఐపెర్ఫ్ ఈ పనికి కాదు. అది బంతుల లెక్క చెప్తుంది, పప్పు సంగతి చెప్పదు.

3.3 ఆర్‌డీఎంఏ (కార్డే నేరుగా అవతలి నోడ్ మెమరీని చదివి రాసే పద్ధతి) ఉంటే

పెర్ఫ్‌టెస్ట్ ప్యాకేజీలో సెండ్, రైట్, రీడ్ లేటెన్సీలకి వేరు వేరు ప్రోగ్రాములు ఉన్నాయి. రైట్ తో మొదలుపెట్టండి. ఇది కెర్నెల్‌ని పక్కన పెట్టి నేరుగా కార్డుతో మాట్లాడుతుంది కాబట్టి ఇక్కడ వచ్చిన అంకె మీ హార్డ్‌వేర్ ఇవ్వగలిగిన దానికి చాలా దగ్గరగా ఉంటుంది. పైన ఎంత ట్యూన్ చేసినా దీనికంటే తగ్గదు.

3.4 ఎంపీఐ స్థాయి

ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల ఓఎస్‌యూ మైక్రో బెంచ్‌మార్కులు తీసుకోండి. వాటిలో లేటెన్సీ పరీక్షని రెండు నోడ్లలో ఒక్కో ర్యాంక్ (ఎంపీఐ ప్రోగ్రాము ఒక్కో ప్రతి) పెట్టి నడపండి. 0.3 మైక్రోసెకన్లు వచ్చిందని ఎగిరి గంతెయ్యకండి, రెండు ర్యాంకులూ ఒకే నోడ్‌లో కూర్చుని షేర్డ్ మెమరీలో మాట్లాడుకుంటున్నాయి. ముందు అదే కమాండ్‌తో "హోస్ట్‌నేమ్" నడిపి రెండు పేర్లు వస్తున్నాయో లేదో చూడండి. తర్వాత అన్ని నోడ్ల మీదా ఆల్-రెడ్యూస్ (అందరి అంకెల్నీ కలిపి ఫలితం అందరికీ పంచే పని) పరీక్ష. ఎక్కువ జాబ్‌లు ఏడ్చేది అక్కడే.

3.5 లోడ్ మీద కొలవడం

ఖాళీ క్లస్టర్‌లో వచ్చిన అంకె అందంగానే ఉంటుంది. జాబ్‌లు నడుస్తున్నప్పుడు ఎలా ఉంటుందన్నది అసలు ప్రశ్న. ఇక్కడ ఐపెర్ఫ్‌కి పని దొరుకుతుంది: రెండు మూడు నోడ్ల నుంచి మీరు కొలిచే నోడ్ మీదకే దాన్ని వదిలి, అదే టైంలో సాక్‌పెర్ఫ్ నడపండి. ఖాళీగా 20, లోడ్ మీద 2000 వస్తే ప్యాకెట్లు ఎక్కడో క్యూలో నిలబడి ఉన్నాయి.

పింగ్-పాంగ్ పద్ధతిలో ఒక మోసం ఉంది. జవాబు వచ్చాకే అది రెండో ప్రశ్న పంపుతుంది. నిజం అప్లికేషన్ మిల్లీసెకనుకి ఒక ప్రశ్న పంపుతుందనుకుందాం, మధ్యలో 200 మిల్లీసెకన్లు అంతా ఆగిపోయింది, అంటే 200 ప్రశ్నలు ఇరుక్కున్నాయి. కానీ పింగ్-పాంగ్ దాన్ని ఒక్క చెడ్డ కొలతగా రాసుకుని ముందుకెళ్తుంది, మీ తొంభైతొమ్మిదో పర్సెంటైల్ (నూటికి 99 కొలతలు దాని లోపే ఉండే అంకె) చెక్కు చెదరదు. అందుకే సాక్‌పెర్ఫ్‌లోనే ఉన్న అండర్-లోడ్ మోడ్‌తో, సెకనుకి ఇన్ని మెసేజ్‌లని స్థిరంగా పంపుతూ కూడా ఒకసారి కొలవండి.

3.6 నోడ్ జతల పట్టిక

16 నోడ్లుంటే 120 జతలు. రాత్రికి ఒక స్క్రిప్ట్ పెట్టి ప్రతి జతకీ 10 సెకన్లు కొలిస్తే అరగంటలోపే అయిపోతుంది. పొద్దున పట్టిక చూడండి.

• ఒక నోడ్ అడ్డ వరుస, నిలువు వరుస మొత్తం చెడ్డగా ఉంటే: లోపం ఆ నోడ్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది.
• ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మాత్రమే చెడ్డగా ఉంటే: స్విచ్‌ల మధ్య లింకు చూడాలి.
• అందరికీ సమానంగా చెడ్డగా ఉంటే: సెట్టింగులు.

4. వచ్చిన అంకెల్ని ఎలా చదవాలి

సగటు చూడకండి. మధ్య విలువ, 99వ పర్సెంటైల్, 99.9, గరిష్ఠం, ఈ నాలుగూ రాసుకోండి. 99.9 నమ్మాలంటే కనీసం లక్ష కొలతలు ఉండాలి, అప్పుడు దాని పైన ఓ వంద మిగులుతాయి. వెయ్యి కొలతలతో 99.9 అని చెప్పేవాళ్లు నిజానికి ఒకే ఒక్క కొలత గురించి చెప్తున్నారు.

తోక (చివర మిగిలే కొద్ది చెడ్డ కొలతలు) ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క. ఒక్కో నోడ్ నూటికి ఒక్కసారే తడబడుతుంది అనుకోండి. 100 నోడ్లు కలిసి ఒకరి కోసం ఒకరు ఆగే పనిలో, నూటికి 63 సార్లు ఎవరో ఒకరు తడబడుతూనే ఉంటారు. 0.99ని వంద సార్లు గుణించి ఒకటిలోంచి తీసెయ్యండి, మీకే వస్తుంది.

కొన్ని అంకెలు కనపడగానే కారణం చెప్పేస్తాయి. సరిగ్గా 40 మిల్లీసెకన్ల దగ్గర గుంపుగా కొలతలుంటే నేగుల్, ఆలస్యపు ఏసీకే (అందిందని చెప్పే జవాబు) కలిసి ఆడుతున్న ఆట, 5.5లో చెప్తా. 200 మిల్లీసెకన్లు దాటిన చోట గుంపు ఉంటే ప్యాకెట్ పోయి, టీసీపీ టైమర్ కొట్టేదాకా ఆగింది, ఎందుకంటే లైనక్స్‌లో ఆ టైమర్ కనిష్ఠం 200.

5. తగ్గించే వరుస

ఈ వరుస మార్చకండి. పైవి ఖర్చు లేనివి, కిందకి వెళ్లేకొద్దీ డబ్బూ శ్రమా పెరుగుతాయి.

5.1 ముందు విరిగినవి సరిచెయ్యండి

☐ ఈథ్‌టూల్‌లో స్పీడ్, ఇన్ఫినీబ్యాండ్ అయితే ఐబీ-స్టాట్‌లో రేట్: ఉండాల్సినంత ఉందా?
☐ ఎల్ఎస్-పీసీఐ మైనస్ వీవీలో లింక్ స్టేటస్: 16 లేన్ల కార్డు 8 లేన్లకి పడిపోయిందా?
☐ ఈథ్‌టూల్ మైనస్ పెద్ద ఎస్‌లో సీఆర్‌సీ తప్పులు (దారిలో పాడైన ప్యాకెట్లు), డ్రాప్‌లు (పడిపోయినవి): గంట తేడాతో రెండుసార్లు చూడండి, పెరుగుతుంటేనే సమస్య, పాత అంకె ఎంతున్నా పర్వాలేదు.
☐ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) అన్ని చోట్లా ఒకటేనా? 9000 పెట్టామంటే పింగ్‌కి మైనస్ పెద్ద ఎం "డు", మైనస్ చిన్న ఎస్ 8972 ఇచ్చి పరీక్షించండి.

నేను చూసుకునే ఒక క్లస్టర్‌లో ఆల్-రెడ్యూస్ అప్పుడప్పుడు ఊరికే సాగేది. వారం పాటు కెర్నెల్ పారామీటర్లు తిరగేశాం. చివరికి రాక్ వెనక తలుపు వేసినప్పుడు ఒక కేబుల్ నలిగి, ఒక్క నోడ్‌లో సీఆర్‌సీ తప్పులు పెరుగుతూ వచ్చాయని తేలింది. కేబుల్ మార్చడానికి పట్టింది పది నిమిషాలు. అందుకే ఇది మొదట.

5.2 సీపీయూని నిద్రపోనివ్వకండి

మామూలు క్లస్టర్‌లో ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే. ఇంటెల్ స్కైలేక్ తరం సర్వర్ సీపీయూల్లో సీ6 అనే గాఢనిద్ర నుంచి లేవడానికి 133 మైక్రోసెకన్లని లైనక్స్ డ్రైవర్ పట్టికలోనే రాసి ఉంది, సీ1 అనే తేలిక నిద్ర నుంచి అయితే 2. ఇన్ఫినీబ్యాండ్‌కి పెట్టిన లక్షలన్నీ ఒక్క కునుకులో పోతాయన్నమాట.

రెడ్ హ్యాట్ కుటుంబం లైనక్స్ అయితే ట్యూన్డ్-ఏడీఎంలో "నెట్‌వర్క్-లేటెన్సీ" ప్రొఫైల్ పెట్టండి. అది గాఢనిద్రని ఆపుతుంది, గవర్నర్‌ని (సీపీయూ స్పీడ్ నిర్ణయించేది) పెర్ఫార్మెన్స్‌కి మారుస్తుంది, బిజీ-పోల్ (ప్యాకెట్ కోసం మెలకువగా చూస్తూ ఉండే టైం) 50 మైక్రోసెకన్లు పెడుతుంది, ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలూ ఆటోమేటిక్ నూమా బ్యాలెన్సింగూ (రెండూ మెమరీ సర్దే పనులు) ఆపేస్తుంది. తర్వాత టర్బోస్టాట్ నడిపి సీ6 శాతం నిజంగా సున్నాకి వచ్చిందో లేదో చూడండి. బయాస్‌లో పవర్ సేవింగ్ ప్రొఫైల్ ఉండిపోయి ఫ్రీక్వెన్సీని అదే దించేస్తున్న సందర్భాలు కూడా ఉంటాయి.

దీనికి ధర ఉంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, గది వేడెక్కుతుంది, పైగా కోర్లన్నీ మెలకువగా ఉంటే ఒంటరి కోర్‌కి దొరికే టర్బో స్పీడ్ తగ్గుతుంది. ఒకే థ్రెడ్‌తో నడిచే జాబ్‌లు ఎక్కువైతే కొలిచి చూసుకోండి. వేసవిలో ఏసీ అంతంత మాత్రంగా పనిచేసే సర్వర్ గదుల్లో ముందు ఉష్ణోగ్రత సంగతి చూసుకుని తర్వాత దీని జోలికి వెళ్లండి, సీపీయూ వేడెక్కి తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటే మొదటికే మోసం.

5.3 ఇంటరప్ట్‌లు

కార్డు ప్రతి ప్యాకెట్‌కీ సీపీయూని తట్టకుండా, కాసేపు కూడబెట్టి ఒకేసారి తడుతుంది. బ్యాండ్‌విడ్త్‌కి అది మంచిది, లేటెన్సీకి చేటు. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద సీతో అడాప్టివ్ ఆర్‌ఎక్స్ ఆఫ్ చేసి ఆర్‌ఎక్స్ మైక్రోసెకన్లు 0 పెట్టి కొలవండి, తర్వాత 4, 8 పెట్టి కొలవండి. 0 పెడితే లేటెన్సీ బాగుంటుంది కానీ భారీ ట్రాఫిక్‌లో ఇంటరప్ట్‌లతోనే సీపీయూ సరిపోతుంది. అందరికీ సరిపోయే అంకె అంటూ లేదు.

ఐఆర్‌క్యూ-బ్యాలెన్స్ సేవని ఆపి, కార్డు ఇంటరప్ట్‌లని కార్డుకి దగ్గర సాకెట్‌లోని కోర్లకి చేత్తో కట్టండి. ఏ కోర్ మీద ఎన్ని వస్తున్నాయో ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైల్లో కనపడుతుంది.

5.4 నూమా (ఏ మెమరీ, ఏ కార్డు ఏ సాకెట్‌కి దగ్గరన్న లెక్క)

రెండు సాకెట్ల సర్వర్‌లో కార్డు ఒక సాకెట్‌కే తగిలి ఉంటుంది. ప్రోగ్రాము అవతలి సాకెట్‌లో నడిస్తే ప్రతి మెసేజ్ మధ్య వంతెన దాటాలి. హెచ్‌డబ్ల్యూలాక్ ప్యాకేజీలోని ఎల్ఎస్-టోపో కమాండ్ బొమ్మ గీసి మరీ చూపిస్తుంది, కార్డు ఏ సాకెట్ పక్కన ఉందో చూసుకుని నూమా-సీటీఎల్‌తో సీపీయూ, మెమరీ రెండిటినీ అక్కడికే కట్టండి. ఓపెన్ ఎంపీఐలో అయితే బైండ్-టు కోర్ ఇచ్చి, రిపోర్ట్-బైండింగ్స్ ఆప్షన్‌తో ర్యాంకులు ఎక్కడ కూర్చున్నాయో ప్రింట్ చేయించండి. కట్టామని అనుకోవడం వేరు, కట్టి ఉండటం వేరు.

5.5 టీసీపీ అలవాట్లు

చిన్న చిన్న ముక్కల్ని కలిపి ఒకేసారి పంపే పద్ధతిని జాన్ నేగుల్ 1984లో రాశారు, అప్పటి నెమ్మది లింకులకి అది సరైనదే. అవతలివాడు ఏసీకే ఆలస్యం చేస్తే మాత్రం, వీడు ఏసీకే కోసం, వాడు ఇంకో ముక్క కోసం ఎదురు చూస్తూ 40 మిల్లీసెకన్లు కూర్చుంటారు, "ముందు మీరు, కాదు మీరే" అన్నట్టు. మీ కోడ్‌లో టీసీపీ-నోడిలే పెట్టండి. లైబ్రరీ వాడుతుంటే అది పెట్టిందో లేదో ఎస్‌ట్రేస్‌తో చూడండి. అంతకంటే మంచి పని, హెడర్‌ని ఒక రైట్, బాడీని ఇంకో రైట్ చెయ్యకుండా రెండూ కలిపి ఒకే రైట్ చెయ్యడం.

రీట్రాన్స్‌మిట్‌లు పెరుగుతున్నాయా అని ఎన్‌స్టాట్‌లో, కనెక్షన్ వారీగా ఎస్ఎస్ మైనస్ టీఐలో చూడండి. కనెక్షన్‌ని ప్రతిసారీ కొత్తగా తెరవకండి, తెరిచి ఉంచుకోండి.

5.6 క్యూలు

20 నోడ్లు ఒకేసారి ఒకే నోడ్‌కి జవాబులు పంపితే స్విచ్‌లో ఆ ఒక్క పోర్ట్ దగ్గర బఫర్ నిండి ప్యాకెట్లు పడిపోతాయి, పైన చెప్పిన 200 మిల్లీసెకన్ల ఆగుడు అక్కడ మొదలవుతుంది. పెద్ద బఫర్ ఉన్న స్విచ్ కొంటే పోతుందని అమ్మేవాళ్లు చెప్తారు. ప్యాకెట్లు పడిపోవు నిజమే, పడిపోయే బదులు క్యూలో నిలబడతాయి.

చెయ్యాల్సినవి వేరు. స్విచ్‌లో ఈసీఎన్ (క్యూ పెరుగుతోందని ప్యాకెట్ మీద గుర్తు వేసే పద్ధతి) ఆన్ చేసి తక్కువ క్యూ దగ్గరే గుర్తు వెయ్యమనండి, నోడ్లలో డీసీటీసీపీ (ఆ గుర్తులు చూసి నడిచే టీసీపీ రకం) పెట్టండి. అది ఎన్ని ప్యాకెట్లకి గుర్తు పడిందో చూసి ఆ మేరకే తగ్గుతుంది, మామూలు టీసీపీలా ఒక్కసారి సగానికి పడిపోదు. డీసీటీసీపీని క్లస్టర్ లోపలి ట్రాఫిక్‌కే వాడండి, బయటి ఇంటర్‌నెట్‌తో మాట్లాడే కనెక్షన్లకి వద్దు. రూట్ మీద ఆర్‌టీఓ (పైన చెప్పిన టీసీపీ టైమర్) కనిష్ఠాన్ని 200 నుంచి 10 మిల్లీసెకన్లకి తగ్గించడం కూడా లోపలి నెట్‌వర్క్‌లో పనిచేస్తుంది. బ్యాకప్, స్టోరేజ్ కాపీలు కూడా ఆ తీగల మీదే నడుస్తుంటే వాటిని వేరే క్యూలోకి నెట్టండి.

5.7 కెర్నెల్‌ని దాటెయ్యడం

ఇవన్నీ చేశాక కూడా 20 మైక్రోసెకన్లు ఎక్కువే అనిపిస్తే అప్పుడు ఆర్‌డీఎంఏ. ఇన్ఫినీబ్యాండ్ అయితే గొడవ తక్కువ. ఈథర్‌నెట్ మీద రోకీ వీ2 అయితే అది యూడీపీ పోర్ట్ 4791 మీద నడుస్తుంది, మామూలుగా నష్టం లేని నెట్‌వర్క్ ఉందని నమ్ముకుని ఉంటుంది, అంటే పీఎఫ్‌సీ (బఫర్ నిండకముందే పంపేవాళ్లని ఆగమనే పద్ధతి), ఈసీఎన్ ప్రతి స్విచ్‌లోనూ ప్రతి పోర్ట్‌లోనూ సరిగ్గా పెట్టాలి. పీఎఫ్‌సీ తప్పుగా పెడితే ఒక్క నెమ్మది నోడ్ "ఆగు" అంటూ పోయి మొత్తం నెట్‌వర్క్‌నే నిలబెట్టేస్తుంది. స్విచ్ సెట్టింగులు చూసే మనిషి లేని చోట రోకీ మొదలుపెట్టకండి, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇంకోటి, ఆర్‌డీఎంఏ పెట్టాక అది నిజంగా వాడుతున్నారో లేదో చూడండి. యూసీఎక్స్ (ఎంపీఐ కింద మెసేజ్‌లు మోసేది) లైబ్రరీకి డివైస్ కనపడకపోతే ఎర్రర్ ఇవ్వకుండా టీసీపీలోకి జారిపోగలదు. జాబ్ నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. యూసీఎక్స్-ఇన్ఫో మైనస్ చిన్న డీతో డివైస్‌లు చూసుకుని, ఎన్విరాన్‌మెంట్‌లో యూసీఎక్స్ నెట్ డివైసెస్ వేరియబుల్‌కి కార్డు పేరు ఇవ్వండి.

6. కుబర్నెటిస్‌లో, క్లౌడ్‌లో

కుబర్నెటిస్‌లో (కంటైనర్లని నోడ్ల మీద నడిపే వ్యవస్థ) ముందు నోడ్ నుంచి నోడ్‌కి, తర్వాత పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) నుంచి పాడ్‌కి కొలవండి. ఆ రెండిటి తేడా మీ ఓవర్‌లే (అసలు నెట్‌వర్క్ మీద పరిచిన ఇంకో నెట్‌వర్క్) ఖర్చు. వీఎక్స్‌లాన్ అనే ఓవర్‌లే ప్రతి ప్యాకెట్‌కీ 50 బైట్లు తగిలిస్తుంది, అందుకే పాడ్‌లో ఎంటీయూ 1450 కనపడుతుంది. తేడా ఎక్కువైతే ఓవర్‌లే లేని రూటింగ్ మోడ్, లేదా ఆ ఒక్క పాడ్‌కి హోస్ట్ నెట్‌వర్క్.

అంతకంటే ముందు డీఎన్ఎస్ (పేరుని అడ్రస్‌గా మార్చేది) చూడండి. పాడ్‌లో ఎన్-డాట్స్ విలువ 5 ఉంటుంది, అంటే పేరులో అయిదు చుక్కల కంటే తక్కువుంటే దానికి లోపలి డొమైన్లన్నీ ఒక్కొక్కటిగా తగిలించి వెతికాకే అసలు పేరు వెతుకుతుంది. బయటి పేరు చివర ఒక చుక్క పెడితే ఆ తిరుగుడు పోతుంది. ఒక్క చుక్క!

క్లౌడ్‌లో మెషీన్లు దగ్గర దగ్గరగా పడేలా అడగాలి. ఏడబ్ల్యూఎస్‌లో క్లస్టర్ ప్లేస్‌మెంట్ గ్రూప్, అజూర్‌లో ప్రాక్సిమిటీ ప్లేస్‌మెంట్ గ్రూప్ అంటారు. ఒకే క్లస్టర్‌ని రెండు రీజియన్ల మీద పరచొద్దు. హైదరాబాద్‌కీ ముంబైకీ తిన్నగా గీత గీస్తేనే సుమారు 620 కిలోమీటర్లు, ఫైబర్‌లో వెలుగు వెళ్లి రావడానికే 6 మిల్లీసెకన్లు పైన, కేబుల్ తిన్నగా పోదు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువ. ఇక్కడ ఏ ట్యూనింగూ పనిచెయ్యదు.

7. తరచూ కనపడే లక్షణాలు, వాటికి మందు

• రాత్రి బాగుంది, పగలు చెడ్డగా ఉంది: ఎవరి ట్రాఫిక్కో మీ తీగల మీద నడుస్తోంది. 5.6 చూడండి.
• లోడ్ తక్కువున్నప్పుడే ఎక్కువ లేటెన్సీ: సీపీయూ నిద్ర. 5.2.
• మధ్య విలువ బాగుంది, తోక మాత్రం పొడవు: నోడ్‌లో ఇంకేదో లేస్తోంది. క్రాన్ పనులు, మానిటరింగ్ ఏజెంట్లు, లాగ్ పంపే ప్రోగ్రాములు. ఒకటి రెండు కోర్లు వాటికే వదిలెయ్యండి, స్లర్మ్‌లో కోర్-స్పెక్ ఆప్షన్ ఉంది.
• చిన్న మెసేజ్‌లు వెళ్తున్నాయి, పెద్దవి వేలాడుతున్నాయి: ఎంటీయూ కలవలేదు.
• ఒకే పరీక్ష ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తోంది: ప్రోగ్రాముని కోర్‌కి కట్టలేదు.
• లేటెన్సీ తగ్గింది, జాబ్ టైం తగ్గలేదు: అసలు ఆలస్యం నెట్‌వర్క్‌లో లేదు. ఎంపీఐ ప్రొఫైలర్ పెట్టి చూస్తే చాలాసార్లు ఒక ర్యాంకుకి పని ఎక్కువ పడి, మిగతావి దాని కోసం ఎదురు చూస్తుంటాయి, ఆ ఎదురుచూపే నెట్‌వర్క్ టైంగా కనపడుతుంది.

8. చేసింది నిలబెట్టుకోవడం

ఈథ్‌టూల్‌తో చేసిన మార్పులు రీబూట్‌తో పోతాయి. వాటిని సిస్టమ్‌డీ యూనిట్‌లోనో, నోడ్ ఇమేజ్‌లోనో, యాన్సిబుల్‌లోనో పెట్టండి. పెట్టాక ఒక నోడ్‌ని నిజంగా రీబూట్ చేసి, మొదట్లో దాచిన ఫైల్‌తో పోల్చండి. కెర్నెల్, డ్రైవర్, బయాస్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇదే తంతు. బయాస్ అప్‌డేట్ తర్వాత పవర్ ప్రొఫైల్ మళ్లీ పాతదానికి పోవడం నేను ఒకటికి మూడుసార్లు చూశా.

☐ వారానికొకసారి నోడ్ జతల పట్టిక ఆటోమేటిక్‌గా నడవాలి.
☐ మధ్య విలువ, 99వ పర్సెంటైల్ ముందు వారంతో పోల్చి, 20 శాతం దాటి పెరిగితే మెయిల్ రావాలి.
☐ కొత్త నోడ్ చేరినా, కేబుల్ మారినా ఆ నోడ్ వరుస మళ్లీ కొలిచాకే జాబ్‌లకి వదలాలి.
☐ సీఆర్‌సీ, డ్రాప్ కౌంటర్లు రోజూ రికార్డవ్వాలి.

ఎక్కడ ఆగాలన్నదానికి నా లెక్క ఇది: ఎంపీఐలో వచ్చిన అంకె పెర్ఫ్‌టెస్ట్ అంకెకి ఒక మైక్రోసెకను లోపు ఉంటే, లోడ్ మీద 99వ పర్సెంటైల్ మధ్య విలువకి రెండు మూడింతలు దాటకపోతే, సెట్టింగులు మూసేసి కోడ్ తెరవండి. వెయ్యి చిన్న మెసేజ్‌ల్ని పది పెద్ద మెసేజ్‌లుగా మార్చే పని అక్కడ మిగిలే ఉంటుంది.